తీసి దాచడమా, ఉన్నచోటనే కాపాడటమా? నీటి కింది వారసత్వంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో మహాబలిపురం తీరాన సముద్రంలో మునిగి ఉన్న రాతి కట్టడాలను గురించి ఒక వ్యాసం వేశాము. అది చదివి చెన్నైలోని తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలలో ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఏడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. కాశిమేడు నుంచి వచ్చిన ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే సముద్రగర్భంలోని పాత వస్తువు ఏదైనా మొట్టమొదట తగిలేది జాలరి వలకే.

ప్రశ్న: మనవలతో మహాబలిపురం వెళ్లినప్పుడు, తీరాలయం పక్కన ఇంకా ఆరు గుళ్లు సముద్రంలో మునిగిపోయాయని అక్కడివారు చెప్పారు. ఇన్ని యంత్రాలున్న ఈ రోజుల్లో వాటిని పైకి తీసి ఒడ్డున నిలబెట్టకుండా నీళ్లలో వదిలేయడం నిర్లక్ష్యం కాదా?
(విశ్రాంత ఉపాధ్యాయిని, మైలాపూరు)

జవాబు: ముందు అక్కడ ఉన్నదేమిటో చూద్దాం. ఈ తీరాన్ని పాత నావికులు ‘ఏడు గోపురాలు’ అని పిలిచేవారు. ఆ కథను 18వ శతాబ్దంలోనే ఆంగ్లేయులు రాసిపెట్టారు. మనం చూసే తీరాలయం 8వ శతాబ్ది ఆరంభంలో, రాజసింహుడన్న బిరుదుతో పేరుపొందిన పల్లవరాజు రెండవ నరసింహవర్మ కట్టించినది. 2002లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఈతగాళ్లు బ్రిటన్ అన్వేషకులతో కలిసి నీళ్లలోకి దిగి వెదికినప్పుడు, ఒడ్డుకు 500 నుంచి 700 మీటర్ల దూరంలో, 5 నుంచి 8 మీటర్ల లోతున, మనిషి చేత్తో మలిచిన రాతి దిమ్మలూ, గోడల వరసలూ కనబడ్డాయి. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడే ముందు సముద్రం వెనక్కి తీసినప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లు రాళ్ల వరసను కళ్లారా చూశారు. అలలు తగ్గాక ఇసుక కొట్టుకుపోయినచోట అంతవరకు ఎవరూ చూడని రాతి శిల్పాలు బయటపడ్డాయి. 2005లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ, నౌకాదళం కలిసి మళ్లీ వెదికాయి. కాబట్టి నీటి కింద కట్టడాలున్న మాట నిజం. అవి ఆరు గుళ్లే అన్నది మాత్రం ఇప్పటికీ కథగానే ఉంది.

ఇక వాటిని పైకి తీయడం సంగతి. ఒక పాత ఇల్లు కూలిపోయిందనుకోండి. రాళ్లూ దూలాలూ పడినచోట పడినట్టే ఉంటే, వంటిల్లెక్కడ, దేవుడి గూడెక్కడ, గోడ ఏవైపు ఒరిగింది అన్నది తెలిసినవాడు చూసి చెప్పగలడు. అన్నీ ఏరి ఒకచోట కుప్ప పోస్తే మిగిలేది రాళ్ల కుప్పే. సముద్రపు అడుగున ఉన్న కట్టడానికైనా, ఓడకైనా ఇదే వర్తిస్తుంది. ఏ రాయి పక్కన ఏ రాయి ఉంది, ఏ జాడీ ఏ దుంగ కింద ఉంది అన్న అమరికలోనే సగం చరిత్ర ఉంటుంది. అది చెదిరితే తిరిగి కూర్చడం ఎవరి తరమూ కాదు.

రెండో కారణం పదార్థానికి సంబంధించినది. ఒండ్రులో కూరుకుపోయిన కొయ్యకు గాలి తగలదు కనుక దాన్ని కుళ్లబెట్టే జీవులు అక్కడ బతకలేవు. శతాబ్దాలు గడిచినా కొయ్య ఆకారం చెడదు, కాని లోపలి బలమంతా కరిగిపోయి ఆ చోటును నీరు ఆక్రమించి ఉంటుంది. అటువంటి కొయ్యను బయటికి తీసి ఎండనిస్తే లోపలి నీరు ఆవిరై, కొయ్య ముడుచుకుని, పగిలి పొట్టు అవుతుంది. స్వీడన్‌లో 1628లో తొలి ప్రయాణంలోనే మునిగిన వాసా అనే యుద్ధనౌకను 1961లో పైకి తీశారు. ఆ కొయ్య ఎండి ముడుచుకోకుండా పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం వంటి ద్రవాన్ని 17 ఏళ్లపాటు దానిమీద చల్లుతూనే ఉన్నారు. ఇంతచేసినా, కొయ్యలో చేరిన గంధకం వల్ల ఆమ్లం పుడుతోందని తర్వాత బయటపడింది. ఆ ఓడకు ఇప్పటికీ వైద్యం జరుగుతూనే ఉంది. పైకి తీసిన నాటి నుంచి ఖర్చూ శ్రద్ధా తరతరాలపాటు ఆగకుండా సాగాలి. ఆ స్తోమత లేకుండా తీయడమంటే నీళ్లలో క్షేమంగా ఉన్నదాన్ని ఒడ్డుకు తెచ్చి చంపడమే.

అయితే మీరు వాడిన నిర్లక్ష్యం అన్న మాటను నేను పూర్తిగా కొట్టివేయను. ఉన్నచోటనే కాపాడటమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ధ్వని తరంగాలతో అడుగును కొలిచి పటం గీయాలి. వేల ఛాయాచిత్రాలు తీసి కంప్యూటరులో నమూనా కట్టాలి. ఇసుక కోసుకుపోతున్నచోట ఇసుక బస్తాలో, గట్టి నేతగుడ్డో కప్పాలి. ఇనుప ఫిరంగి ఉంటే దానికి జింకు దిమ్మను తీగతో కలపాలి, అప్పుడు ఫిరంగికి బదులు ఆ దిమ్మ అరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మళ్లీ మళ్లీ వెళ్లి చూడటం. మన దేశంలో ఒకసారి వెదికి, పత్రికల్లో వార్త వచ్చాక, అదే చోటుకు క్రమం తప్పకుండా తిరిగి వెళ్లే అలవాటు చాలా తక్కువ. నిర్లక్ష్యం ఉన్నది అక్కడ.

ప్రశ్న: మహాబలిపురం, పూంపుహార్ గురించి అందరూ రాస్తారు. మన చెన్నై ఎదుట సముద్రంలో అటువంటివేమైనా ఉన్నాయా?
(పాఠకుడు, రాయపురం)

జవాబు: ఉండకుండా ఎలా ఉంటాయి? 1870లలో రేవు గోడలు కట్టడం మొదలుపెట్టేదాకా మద్రాసుకు ఓడలు ఒదిగే చోటే లేదు. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసి నిలిచేవి. సరుకునూ మనుషులనూ మసూలా పడవలు మోసుకొచ్చేవి. వాటి పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, ఎందుకంటే విరిగిపడే కెరటాల మధ్య బిగువైన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. తుఫాను వస్తే దూరాన నిలిచిన ఓడలకు దిక్కు లేదు. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళం ఆ అక్టోబరులో వచ్చిన తుఫానుకు ఇక్కడే ఛిన్నాభిన్నమైంది. కొత్తగా కట్టిన రేవు గోడలను సైతం 1881 నవంబరు తుఫాను కూల్చింది. ఇన్ని శతాబ్దాల ఓడల రాకపోకలు సాగినచోట తెగిన లంగర్లూ, జారిపోయిన సరుకూ, విరిగిన ఓడల అవశేషాలూ అడుగున మిగిలి ఉండటం సహజం.

మీరు రాయపురంవారు కనుక ఇంకొక సంగతి. మన తీరాన ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు గోడ ఆ నడకకు అడ్డుపడటంతో దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా బీచి విస్తరించింది. ఉత్తరాన రాయపురం నుంచి తిరువొత్తియూరు దాకా తీరం కోతకు గురైంది. నీటి కింద కూడా ఇదే జరుగుతుంది. ఒకచోట గోడ కడితే, ఇంకోచోట శతాబ్దాలుగా ఇసుక దుప్పటి కప్పుకుని పడుకున్న ఓడ ఒక్క వర్షాకాలంలో బయటపడవచ్చు. బయటపడిన కొయ్యను తొలిచి తినే సముద్రపు పురుగులు మన వెచ్చని నీళ్లలో విస్తారంగా ఉన్నాయి. అందుకే కొత్త రేవు కట్టే ముందు, రేవు లోతు పెంచే ముందు, సముద్రపు అడుగున తీగలో గొట్టాలో వేసే ముందు, అక్కడ పాత అవశేషాలు ఉన్నాయేమో వెదికి చూడటం తప్పనిసరి కావాలి. తీర నియంత్రణ నిబంధనలు పురావస్తు ప్రాధాన్యం ఉన్న కట్టడాలను అత్యంత జాగ్రత్తగా చూడవలసిన తరగతిలో చేర్చాయి, కాని పటంలో లేనిదాన్ని నిబంధన కాపాడలేదు.

ప్రశ్న: నాన్నగారి వలలో పోయిన నెల ఒక మట్టి జాడీ పడింది. మెడ విరిగి ఉంది. ఇంట్లో కడిగి వరండాలో పెట్టాము. ఇప్పుడు దానిమీద తెల్లగా ఉప్పు పూస్తోంది. ఎవరికైనా చూపిస్తే పోలీసులు వస్తారేమోనని నాన్నగారు భయపడుతున్నారు. ఏం చేయమంటారు?
(కళాశాల విద్యార్థి, కాశిమేడు)

జవాబు: ముందు జాడీ సంగతి చెబుతాను. సముద్రంలో ఉన్నన్నాళ్లూ ఆ మట్టి రంధ్రాలలోకి ఉప్పునీరు ఇంకుతూ వచ్చింది. మీరు బయట పెట్టాక నీరు ఆరిపోయి, ఉప్పు గట్టిపడి, పలుకులుగా పెరుగుతూ మట్టి పైపొరను లోపలి నుంచి నెడుతోంది. వేలితో తాకితే పొట్టులాగా రాలుతున్నదంటే అది దాని పనే. దయచేసి మళ్లీ మళ్లీ కడగకండి; తడిసి ఆరిన ప్రతిసారీ ఇంకొక పొర పోతుంది. అంటుకున్న గుల్లలను కత్తితో గీకవద్దు. ఎండ తగలనిచోట, మెత్తని గుడ్డ మీద పెట్టి, నిపుణుడు చూసేదాకా అలాగే ఉంచండి. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఇటువంటి వస్తువుల సంరక్షణకు 1930 నుంచి ప్రయోగశాల ఉంది. నీళ్లను మార్చుతూ వారాలు, నెలల తరబడి ఉప్పును నెమ్మదిగా లాగేయడం వాళ్లకు తెలిసిన పని.

ఇకమీదట ఏదైనా వలలో పడితే, వీలైతే పడవ మీదనే సముద్రపు నీటితో నిండిన ప్లాస్టిక్ తొట్టిలో పూర్తిగా మునిగేటట్టు పెట్టి, మూతవేయండి. ఆ వెంటనే, మరిచిపోకముందే, కాగితం మీద రాయండి: తేదీ, ఎన్ని బారల లోతు, జీపీఎస్ చూపిన అంకెలు, ఏ రకం వల, వస్తువుతోపాటు ఇంకేమి వచ్చాయి. బొగ్గు ముక్క, నల్లని చెక్క పేడు, ఓడ అడుగున బరువు కోసం వేసే గుండ్రాళ్లు, ఇవన్నీ జాడీకంటే ఎక్కువ చెప్పగలవు. జీపీఎస్ లేకపోతే మీ నాన్నగారికి తెలిసిన ఆనవాళ్లు చాలు. గుడి గోపురమూ లైట్‌హౌసూ ఒకే గీతలోకి వచ్చే చోటు, పొగగొట్టమూ తాటితోపూ కలిసే చోటు అంటూ పాతతరం జాలర్లు నడిసముద్రంలో ఒక రాతిగుట్టను తప్పకుండా పట్టుకోగలరు. వల ఎక్కడెక్కడ చిక్కి చిరుగుతుందో వాళ్లకు కంఠస్థం. ఆ చిక్కే చోట్లలో కొన్ని రాళ్లు కావు, ఓడలు. ఏ ఓడ మీదా ఇంత వివరమైన పటం దొరకదు. దాన్ని మీ తరం రాసిపెట్టకపోతే అది ఆ పెద్దలతోనే పోతుంది.

భయం సంగతి. మీ నాన్నగారి భయం అకారణమైనది కాదు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చట్టం ఇలా ఉంది: మన ప్రాదేశిక జలాల అడుగున ఉన్న విలువైన వస్తువులన్నీ రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వానికి చెందుతాయి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని అనుమతి పత్రం లేకుండా వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. అమ్మజూపితే నేరం అవుతుంది. అనుకోకుండా వలలో పడినదాన్ని తెలియజేయడం మంచి పని. ఒక్కరే వెళ్లకుండా మీ మత్స్యకార సంఘం తరఫున ఒక లేఖ రాసి, ఫొటోలు జతచేసి, రాష్ట్ర పురావస్తు శాఖకో, సెయింట్ జార్జి కోటలో ఉన్న భారత పురావస్తు సర్వేక్షణ శాఖ కార్యాలయానికో, జిల్లా కలెక్టరుకో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ కాగితమే మీకు రక్ష.

ఇందులో రావలసిన మార్పు కూడా ఒకటుంది. బ్రిటన్‌లో నీళ్లలో దొరికిన వస్తువును 28 రోజులలోగా అందుకు నియమించిన అధికారికి తెలియజేయాలి. తెలియజేసినవారికి ప్రతిఫలం దక్కే మార్గం కూడా అదే చట్టంలో ఉంది. మన దగ్గర వల చిరిగిన నష్టమూ, ఒకరోజు వేట పోయిన నష్టమూ జాలరివే. నిజాయితీగా చెప్పినవాడికి చిరిగిన వల ఖరీదైనా చేతికి రాకపోతే, వస్తువు తిరిగి సముద్రంలోకో, పాత ఇనుము కొట్టుకో పోతుంది. జావా సముద్రంలో రెండవ ప్రపంచ యుద్ధంలో మునిగిన డచ్చి యుద్ధనౌకలను చూడటానికి 2016లో ఈతగాళ్లు దిగితే, అడుగున ఓడ ఆకారంలో గుంతలు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఇనుము కోసం ఎవరో మొత్తం కోసుకుపోయారు. అవి ఓడలే కాదు, నావికుల సమాధులు కూడా.

మన తెలుగువారికి ఈ విషయంలో ఒక పెద్ద వారసత్వం ఉంది. 1244–45 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతకుముందు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవారి మీద దయతో, ముప్పయింట ఒక వంతు చొప్పున నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు. మునిగిన ఓడను దోపిడీకి దొరికిన అవకాశంగా చూడకూడదని ఒక తెలుగు రాజు దాదాపు 780 ఏళ్ల కిందటే రాతి మీద చెక్కించాడు. మోటుపల్లి వీరభద్రాలయంలో ఆ శాసనాన్ని చూసిన రోజు నాకు బాగా గుర్తుంది.

చాలా ఏళ్ల కిందట ఒక తీరగ్రామంలో, ఒక ఇంటి అరుగు మీద వలలో పడిన ఇనుప గుండు చూశాను. గుల్లలు పట్టి, కొబ్బరికాయంత ఉంది. ఆ ఇంటివాళ్లు దాన్ని తలుపుకు అడ్డంగా పెట్టుకున్నారు. రెండేళ్ల తర్వాత వెళితే ఉల్లిపాయ పొరల్లాగా విడిపోయి, గోధుమరంగు పొడి కుప్పగా మారి ఉంది. ఏ ఓడదో, ఏ ఫిరంగిదో తెలుసుకునే వీలు ఇక ఎవరికీ లేదు. మీ జాడీకి ఆ గతి పట్టకూడదని ఇంత వివరంగా రాశాను. శ్రీలంకలో గోడవాయ దగ్గర 2003లో స్థానికులు నీళ్లలోకి దిగి చూసి చెప్పబట్టే, సుమారు రెండువేల ఏళ్ల కిందటి ఓడ ఒకటి లోకానికి తెలిసింది. హిందూ మహాసముద్రంలో ఇంతవరకు దొరికిన అత్యంత పాత ఓడలలో అది ఒకటి.

ప్రశ్న: మా అమ్మమ్మగారి ఊరు నందికొట్కూరు దగ్గర. ఎండాకాలంలో సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటికి వస్తుంది, వానాకాలంలో మునిగిపోతుంది. అది సముద్రం కాదు కదా, దాన్ని కూడా నీటి కింది వారసత్వం అనవచ్చా?
(పదవ తరగతి విద్యార్థిని, అన్నానగర్)

జవాబు: తప్పకుండా అనవచ్చు. యునెస్కో 2001 నవంబరులో ఆమోదించిన ఒడంబడిక నీటి కింది వారసత్వాన్ని నిర్వచించేటప్పుడు, నూరేళ్లపాటు కొంతగానో మొత్తంగానో, ఎల్లప్పుడో అప్పుడప్పుడో నీట మునిగి ఉన్న మానవ చిహ్నాలన్నింటినీ చేర్చింది. నదులకూ జలాశయాలకూ కూడా ఆ నియమాలను అన్వయించుకోవచ్చునని అందులో వెసులుబాటు ఉంది. నూరేళ్ల గడువు లెక్కన చూస్తే శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం మునిగి అంతకాలం కాలేదు. కాని నష్టం గడువు కోసం ఆగదు కనుక, మన పని కూడా ఆగకూడదు.

అమ్మా, నువ్వు అన్నానగర్‌లో కుళాయి తిప్పినప్పుడు వచ్చే నీటిలో కొంత ఆ గుడిని తాకి వచ్చినదే. శ్రీశైలం జలాశయం నుంచి తెలుగుగంగ కాలువ వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా పూండి చేరి చెన్నై దాహం తీరుస్తోంది. ఆ జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది నిండినప్పుడు సంగమేశ్వరం, ఇంకా ఎన్నో ఊళ్లూ గుళ్లూ మునిగాయి. నీళ్లు లేకుండా నగరం బతకదు, జలాశయాన్ని నిందించి ప్రయోజనం లేదు. మునిగినదాని బాగోగులు చూడవలసిన బాధ్యత మాత్రం ఆ నీళ్లు తాగే మనకూ ఉందని నేను నమ్ముతాను.

ఎప్పుడూ నీళ్లలో ఉండే రాయికంటే, ఏటా మునిగి తేలే రాయి ఎక్కువ దెబ్బతింటుంది. మునిగినప్పుడు నీరు ఇంకుతుంది, ఎండలో ఆరుతుంది, కీళ్లలో ఒండ్రు చేరి గోడను విడదీస్తుంది, మట్టం మారే ప్రతిసారీ అలలు కొత్త ఎత్తున కొడతాయి. నీరు తగ్గిన నెలలలో ఇంకో బెడద గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు. అందువల్ల నీరు దిగిన మొదటి వారంలోనే ఏటా ఒకే కోణంలో ఫొటోలు తీసి, కీళ్లు కొలిచి, నిరుటితో పోల్చే పని చేయాలి. దీనికి పెద్ద ఖర్చు కాదు; మీ ఊరి బడి పిల్లలు ఉపాధ్యాయుల తోడుతో చేయగలిగినది.

ఇదే జలాశయం వల్ల మునగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తు వేసి విప్పి, ఆలంపురంలో తిరిగి కట్టారు. అంతకుముందు నాగార్జునసాగర్ కట్టేటప్పుడు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయను 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించారు. పడవెక్కి నాగార్జునకొండకు వెళ్లేవాళ్లలో ఎంతమందికి తమ కాళ్ల కింద నీళ్లలో ఒక నగరం ఉందని తెలుసు? తరలించడం అప్పటికి ఉత్తమ మార్గం. చైనాలో మూడు కనుమల ఆనకట్ట వల్ల బైహలియాంగ్ అనే రాతిగట్టు మునిగినప్పుడు వేరే దారి తొక్కారు. 1,200 ఏళ్లపాటు యాంగ్‌త్సే నది నీటిమట్టాలను చేపబొమ్మలతో, రాతలతో చెక్కి ఉంచిన ఆ గట్టును కదపకుండా, దానిమీద ఒక కప్పు కట్టి, వడగట్టిన నీరు నింపి, చూసేవాళ్లు సొరంగంలో నడిచివెళ్లి అద్దపు కిటికీలలోంచి చూసే ఏర్పాటు చేశారు. 2009లో అది తెరుచుకుంది.

ప్రశ్న: ఖంభాత్ సింధుశాఖలో 9,500 ఏళ్ల నాటి నగరం దొరికిందని వీడియోలలో చూస్తున్నాము. అది నిజమేనా?
(పాఠకుడు, అంబత్తూరు)

జవాబు: ఆ ప్రకటన 2001లో వచ్చింది. వెదికినది మన పళ్లికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. అడుగును గోకి పైకి తీసిన వస్తువులలో ఒక కొయ్య ముక్క వయసు సుమారు 9,500 ఏళ్లని తేలింది. కాని కొయ్య వయసు నగరం వయసు కాదు. నదులు ఎంతో దూరం నుంచి కొయ్యను తెచ్చి అక్కడ పడవేయగలవు, ఆ సింధుశాఖలో ఆటుపోట్ల వేగం చాలా ఎక్కువ. వస్తువు ఏ పొరలో, దేని పక్కన ఉందో చూడకుండా గోకి తీశారు కనుక, దానికి సంబంధించిన ప్రశ్నలకు జవాబు చెప్పే సాక్ష్యమే లేకుండా పోయింది. మొదటి జవాబులో అమరిక గురించి నేను రాసిన మాటకు ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ప్రశ్న: మేము పుదుచ్చేరిలో స్కూబా నేర్చుకున్నాము. మునిగిన ఓడలనూ కట్టడాలనూ చూడటానికి సామాన్యులను అనుమతిస్తే నష్టమా? అసలు మన దేశం ఆ అంతర్జాతీయ ఒడంబడికలో ఉందా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వేళచ్చేరి)

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు చిన్నది: ఆ ఒడంబడిక 2009 జనవరి 2న అమలులోకి వచ్చింది, భారతదేశం ఇంకా అందులో చేరలేదు. ఉన్నచోటనే కాపాడటాన్ని మొదట పరిశీలించాలనీ, వ్యాపారం కోసం తవ్వి అమ్మకూడదనీ చెప్పే 36 నియమాలు దానికి అనుబంధంగా ఉన్నాయి. చేరకపోయినా ఆ నియమాలను పాటించడానికి ఎవరూ అడ్డు చెప్పరు. సర్వేక్షణ శాఖలో నీటి కింది పురావస్తు విభాగం 2001లోనే ఏర్పడింది. ఇంత పొడవైన తీరానికి అది చాలా చిన్నది.

చూడనివ్వడం మంచిదే, నేను దానికి గట్టిగా మొగ్గుతాను. చూసినవాళ్లే కాపలాదారులవుతారు. ఇటలీలో బయే అనే రోమనుల నాటి పట్టణం నేల కుంగి సముద్రంలో మునిగింది. 2002 నుంచి అది రక్షిత ప్రాంతం. అనుమతి ఉన్న మార్గదర్శితో ఈతగాళ్లు దిగుతారు. ఆయన చేత్తో ఇసుకను మెల్లగా తోసి రంగురాళ్ల నేలను చూపించి, తిరిగి ఇసుక కప్పుతాడు. పడవలు అక్కడ లంగరు విసరకుండా, ముందే బిగించిన తేలే బుంగలకు తాళ్లు కట్టుకుంటాయి. ఇక్కడ కూడా అటువంటి ఏర్పాటు చేసి, పడవలు నడిపే పని స్థానిక జాలర్లకే ఇస్తే, కాపలా ఖర్చు దానంతట అదే వస్తుంది. ఒక్క ఇబ్బంది: మహాబలిపురం దగ్గర నీరు తరచూ మసకగా ఉంటుంది, కెరటాలు బలమైనవి. అక్కడ కంప్యూటరు నమూనాను ఒడ్డునే ఒక గదిలో చూపడం మేలు. మీరు ఎక్కడ దిగినా, కాలి తొడుగుల తన్నుకు అడుగు ఒండ్రు లేవకుండా చూసుకోండి, దేనినీ ఏరకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఈ చదువే చదువుతానంటున్నాడు. ఎక్కడ చేరాలి?
(గృహిణి, పెరంబూరు)

జవాబు: తంజావూరు తమిళ విశ్వవిద్యాలయంలో సముద్ర చరిత్ర, సముద్ర పురావస్తు శాస్త్రాలకు ప్రత్యేకంగా ఒక శాఖ ఉంది. ముందు చరిత్రలోనో, పురావస్తు శాస్త్రంలోనో పట్టా తీసుకోవడం మంచిది; రసాయన శాస్త్రం చదివినవాళ్లు కూడా సంరక్షణ పనికి కావాలి. వీటికంటే ముందు అబ్బాయికి ఈత బాగా రావాలి, బొమ్మ గీయడం రావాలి. నీటి కింద ప్లాస్టిక్ పలక మీద మామూలు పెన్సిల్‌తోనే గీస్తారు. నీళ్లలో ప్రతి వస్తువూ ఉన్నదానికంటే సుమారు మూడోవంతు పెద్దగా కనబడుతుంది కనుక, కంటిని నమ్మకుండా టేపుతో కొలిచి గీసే ఓపిక అలవాటు కావాలి. ఈ వేసవిలో ఇంటి వరండాలో పది రాళ్లు చిందరవందరగా పరిచి, వాటి చోట్లను కొలిచి కాగితం మీదికి ఎక్కించమనండి.